రిపోర్టుకు అందని దుమ్ము

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే హైవే పనుల్లో పర్యావరణం సంగతి చూసుకుంటానని చెబుతాను. వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "అంటే రోడ్డు పక్కన మొక్కలు నాటిస్తావా?" కాదని వివరించే ఓపిక మొదట్లో ఉండేది. ఇప్పుడు పెళ్ళి భోజనాల దగ్గర అవుననే అనేసి పప్పు వడ్డించమంటున్నాను. కానీ సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనత్త మనవడు కూడా అదే మాట అడిగేసరికి ఇక రాసి పెట్టడమే మంచిదనిపించింది.

మాది పలమనేరు. ఉంటున్నది బెంగళూరులో, కె.ఆర్.పురంలో. పని మాత్రం నగరానికి తూర్పున, హొసకోటె దాటాక కోలారు, మాలూరు వైపు. ఏ రోడ్డు, ఏ కంపెనీ అన్నది చెప్పను. చెబితే ఉద్యోగం ఉండదు, పైగా ఇవేవీ ఒక్క రోడ్డుకో ఒక్క కంపెనీకో పరిమితమైన సంగతులు కావు. ఈ వైపు పనిచేయడంలో నాకున్న పెద్ద సుఖం భాష. సూపర్‌వైజర్లు గుంటూరు, నెల్లూరు వాళ్ళు. టిప్పర్ డ్రైవర్లు కదిరి, అనంతపురం వాళ్ళు. చుట్టుపక్కల రైతుల్లో చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. మా సైట్లో మీటింగులు ఇంగ్లీషులో, బిల్లుల గొడవలు హిందీలో, అసలు పని తెలుగులో జరుగుతాయి.

పెద్ద రోడ్డు పని ఏదైనా మొదలయ్యే ముందు పర్యావరణ నిర్వహణ ప్రణాళిక అని ఒకటి తయారవుతుంది. సైట్లో దాన్ని ఈఎంపీ అంటాం. ఏ పని వల్ల ఏ నష్టం, దానికి ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎవరు తనిఖీ చేయాలి అని గళ్ళు గీసిన పట్టిక అది. నిజం చెప్పాలంటే అందులో రాసేవి మంచి మాటలే. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ల పుస్తకంలో 111వ సెక్షన్ మొత్తం పర్యావరణ జాగ్రత్తలకే కేటాయించారు. మట్టి తవ్వకం, క్వారీలు, నేల కోత, బురద నీరు, ప్లాంట్ల పొగ అన్నీ ఉన్నాయి. ఏం చేయాలో తెలియక జరిగే నష్టం ఈ రంగంలో చాలా తక్కువ. ఒక రోడ్డుకు రాసిన పట్టికను ఇంకో రోడ్డుకు ఎత్తి దించడం వేరే కథ. చుట్టుపక్కల ఎక్కడా లేని నది పేరు ఒక ఈఎంపీలో నాకు ఎదురైంది. ఆ నదిలో చేపలు గుడ్లు పెట్టే నెలల్లో పని ఆపాలని షరతు. ఆపామని రాసిన రిపోర్టు కూడా ఫైల్లో భద్రంగా ఉంది.

ఇక అసలు విషయం. హైవే పనిలో పర్యావరణం అంటే అన్నిటికన్నా ముందు మట్టి.

ఒక చిన్న లెక్క వేద్దాం. రోడ్డు కట్ట పైభాగం 27 మీటర్ల వెడల్పు, సగటు ఎత్తు 3 మీటర్లు, పక్కల వాలు ఒకటికి రెండు (మీటరు ఎత్తుకు రెండు మీటర్ల అడ్డం) అనుకుందాం. అడ్డంగా కోసి చూస్తే 99 చదరపు మీటర్లు. అంటే కిలోమీటరుకు దాదాపు లక్ష ఘనపు మీటర్ల మట్టి. పెద్ద టిప్పర్ ఒక ట్రిప్పుకు 15 ఘనపు మీటర్లు మోసినా ఒక్క కిలోమీటరుకే ఆరున్నర వేల ట్రిప్పులు దాటుతాయి. రోలర్ కింద మట్టి కుదించుకుపోతుంది కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది.

అంత ఎత్తు ఎందుకంటే, పాత రోడ్లు నేలబారుగా సాగేవి, ఎద్దుల బండి ఎక్కడ కావాలంటే అక్కడ దాటేది. ఇప్పుడు కొత్తగా వేస్తున్న వేగ రహదారుల మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి వీల్లేదు. ఊరి దారులన్నీ కింది నుంచి పోవాలి. లారీలు పట్టే అండర్‌పాస్‌లో 5.5 మీటర్ల ఎత్తు ఖాళీ వదలాలి. ఒక అండర్‌పాస్ కోసం ఎక్కిన రోడ్డు కిందికి దిగేలోపే ఇంకో ఊరి దారి వస్తుంది. దాంతో మైళ్ళ పొడవునా కట్టే.

ఈ మట్టి ఎక్కడి నుంచి రావాలి? సాగు భూమి నుంచి తీస్తే నియమం స్పష్టంగా ఉంది. పైన ఉన్న 15 సెంటీమీటర్ల సారవంతమైన మట్టిని విడిగా తీసి, 2 మీటర్లకు మించని కుప్పలుగా పోసి కాపాడాలి. ఆ తరువాత 30 సెంటీమీటర్లు మాత్రమే తవ్వాలి. మళ్ళీ పై మట్టిని పరిచి రైతుకు అప్పగించాలి. చక్కటి నియమం. ఇప్పుడు పై లెక్కకు దీన్ని జోడించండి. 30 సెంటీమీటర్ల లోతున లక్ష ఘనపు మీటర్లు కావాలంటే 33 హెక్టార్లు, అంటే 82 ఎకరాలు గీకాలి. ఒక్క కిలోమీటరుకు! ఈ గుణకారాన్ని బోర్డు మీద వేసిన మీటింగు నేను ఇంతవరకూ చూడలేదు. వేస్తే ఆ నియమం మీద ఎవరూ సంతకం పెట్టలేరు. వేయరు కాబట్టి అందరూ పెడతారు.

సాగులో లేని భూమిలో అయితే 1.5 మీటర్ల దాకా తవ్వవచ్చు. అప్పుడు కిలోమీటరుకు 16 ఎకరాల పైచిలుకు చాలు. అందుకే మా భూసేకరణ కుర్రాళ్ళు మిట్ట పొలాల కోసం ఊళ్ళ వెంట తిరుగుతారు. మిట్ట రైతుకు కూడా అది లాభంగానే కనిపిస్తుంది. "గట్టు దిగితే బోరు నీళ్ళు సమంగా పారతాయమ్మా, ఎంత కావాలంటే అంత తీసుకోండి" అన్నాడు ఒకాయన. లోడుకింతని డబ్బు కూడా వస్తుంది. కాగితం మీద మీటరున్నర. మట్టి తవ్వే హిటాచీ యంత్రం దిగాక, కింద మంచి మొరం తగిలాక, ఆ మీటరున్నర ఎప్పుడు నాలుగు మీటర్లయిందో ఎవరికీ గుర్తుండదు.

పని అయిపోయాక "గుంతను సరిచేసి అప్పగించారు, నాకు అభ్యంతరం లేదు" అని రైతు సంతకం తీసుకుంటారు. పక్కన ఆయన ఫొటో. నేను ఆ కాగితం మీద ప్రతిసంతకం చేసే ముందు గుంత దగ్గరికి వెళతాను. గుంత అంచులు ఒకటికి నాలుగు కన్నా నిటారుగా ఉండకూడదు. టేపు పట్టి కొలవడం కన్నా తేలికైన పరీక్ష ఇంకొకటి ఉంది. ఆవు తనంతట తాను దిగి, నీళ్ళు తాగి, తిరిగి ఎక్కగలగాలి. ఎక్కలేకపోతే సంతకం లేదు. గోడల్లా తెగిన అంచులతో వదిలేసిన మట్టి గుంతల్లో వానాకాలంలో పిల్లలు మునిగిపోయిన వార్త ఏటా ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉన్నాం.

2020 మార్చిలో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు మామూలు మట్టి తవ్వుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని అందులో ఒక అంశం. దాన్ని 2024 మార్చి 21న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎంత మట్టి, ఎంత విస్తీర్ణం అన్న పరిమితి ఏదీ లేకుండా గంపగుత్తగా మినహాయింపు ఇవ్వడం ఏకపక్షమని చెప్పింది. ఆ వారం మా ఆఫీసులో కనిపించిన హడావిడి అంతకు ముందు ఏ తనిఖీకీ కనిపించలేదు.

నన్నడిగితే ఈ ప్రాంతంలో మట్టికి మంచి చోటు చెరువులే. పూడిక తీసినట్టూ అవుతుంది, రోడ్డుకు మట్టీ దొరుకుతుంది. 2022లో మొదలైన అమృత్ సరోవర్ పథకంలోనూ ఇదే ఆలోచన ఉంది. కాకపోతే చెరువులో పైన ఉన్న నల్లటి ఒండ్రు రోడ్డుకు పనికిరాదు. తడిస్తే ఉబ్బి, ఎండితే పగులుతుంది. అది పొలాలకు పోవాలి, దాని కింద తగిలే గరపనేల కట్టకు రావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. గరప కోసం లోతుకు పోయే కొద్దీ చెరువు నేల తూము కన్నా కిందికి దిగిపోతుంది. అప్పుడు చెరువు నిండుగా కనిపిస్తుంది కానీ తూములోంచి ఆయకట్టుకు చుక్క దిగదు. చెరువు కట్ట పాదం దగ్గర తవ్వితే ఏకంగా కట్టకే ప్రమాదం. అందుకని తవ్వకం మొదలయ్యే ముందే తూము మట్టాన్ని ఒక రాతి మీద ఎర్ర రంగుతో గీయించి, హిటాచీ ఆపరేటర్‌ను పక్కన నిలబెట్టి చూపిస్తాను. డ్రాయింగు చూపిస్తే తల ఊపుతారు. రాయి చూపిస్తే గుర్తుంచుకుంటారు.

మట్టి తరువాత నీళ్ళు. రెండూ వేర్వేరు కావు. ఎత్తైన రోడ్డు కట్ట అంటే నీళ్ళకు అడ్డంగా వేసిన ఆనకట్టే.

ఇక్కడ ఎప్పుడూ పారే పెద్ద నది లేదు. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని హొసకోటె చెరువు మీదుగా తమిళనాడు వైపు పోతుంది. మిగతాదంతా చెరువుల గొలుసు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. మధ్యలో ఉండేది వాగు కూడా కాదు, రెండడుగుల పల్లం. ఫిబ్రవరిలో సర్వే చేసేవారికి అది బీడు పొలంలాగే కనిపిస్తుంది. మా రోడ్డులో ఒకచోట సరిగ్గా అలాంటి పల్లానికి అడ్డంగా కట్ట గీశారు. నీళ్ళు దాటడానికి చిన్న పైపు కల్వర్టు పెట్టారు, అది కూడా పల్లానికి వంద మీటర్ల అవతల.

పక్క ఊళ్ళో ఒక తాత ఉన్నాడు. ఎండిన పల్లం అంచున చిన్న గంగమ్మ గుడి, దానికి నాలుగు మెట్లు. "2021 కార్తీకంలో నీళ్ళు ఈ మూడో మెట్టు దాకా వచ్చాయి తల్లీ. మీ పైపు అక్కడ పెట్టారు. నీళ్ళకు వెళ్ళి చెప్పి వస్తారా, ఇటు కాదు అటు పొమ్మని?" అన్నాడు. ఆ నవంబరులో కోలారు, చిక్కబళ్ళాపురం వైపు చెరువులు ఏళ్ళ తరువాత అలుగు పారిన మాట నిజమే. ఎంత ఎత్తు వరద వచ్చిందో స్థానికులను అడిగి రాసుకోవాలన్నది ఇంజనీరింగులో పాత పద్ధతి. మా డిజైన్ కాగితంలో కూడా ఆ గడి ఉంది. అందులో "విచారించడమైనది" అని రాసి ఉంది. ఎవరిని విచారించారో లేదు.

ఆ మెట్టు ఎత్తును లెవెల్ యంత్రంతో కొలిపించి, ఫొటోలు పెట్టి, పల్లంలోనే పెద్ద బాక్స్ కల్వర్టు కావాలని రాశాను. ఒప్పుకున్నారు. ఒప్పుకోవడానికీ కట్టడానికీ మధ్య వానాకాలం వచ్చింది. నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. రోడ్డు పూర్తయ్యాక ఎలా ఉంటుందన్న దాని గురించి అందరూ మాట్లాడతారు. సగం కట్టిన రోడ్డు ఏం చేస్తుందన్న దాని గురించి ఎవరూ మాట్లాడరు. మట్టి పని వేగంగా సాగుతుంది, ప్రగతి నివేదికలో కిలోమీటర్లు పెరుగుతాయి. కల్వర్టుకు ఇనుము కట్టాలి, కాంక్రీటు పోయాలి, ఆరనివ్వాలి. అందుకని కట్ట ముందు లేస్తుంది, దారి తరువాత వస్తుంది. ఆ సెప్టెంబరులో రెండు పెద్ద వానలకు కట్టకు పై వైపు ఉన్న రాగి చేలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. చివరికి నెల్లూరు సూపర్‌వైజరు ఎవరి అనుమతీ అడగకుండా అర్ధరాత్రి హిటాచీ తెప్పించి కట్టను కోయించాడు. మరునాడు ఆయనకు మెమో వచ్చింది. నా దృష్టిలో ఆ ఏడాది మొత్తం సైట్లో జరిగిన ఉత్తమ పర్యావరణ పని అదే.

2022 ఆగస్టులో రామనగర దగ్గర బెంగళూరు-మైసూరు హైవే నీట మునిగిన ఫొటోలు అందరూ చూసే ఉంటారు. అంత పెద్ద రోడ్డు మునిగితే వార్త. కట్ట పక్కన రాగి చేను మునిగితే ఆ రైతు ఖర్మ.

నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి చెన్నై ముచ్చట ఒకటి. మా అక్క ఉండేది మదురవాయల్‌లో. అక్కడి నుంచి ఓడరేవుకు ఎత్తైన వంతెన రోడ్డు తలపెట్టారు. కూవం నది వెంట స్తంభాలు లేచాయి. నది దారి ఇరుకవుతుందన్న అభ్యంతరంతో 2012లో రాష్ట్ర ప్రభుత్వం పని ఆపించింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆ స్తంభాలు తలలు లేకుండా నిలబడ్డాయి. 2022 మేలో రెండంతస్తుల రోడ్డుగా మళ్ళీ శంకుస్థాపన చేశారు. అక్క ఇంటికి వెళ్ళినప్పుడల్లా వాటిని చూసి నేననుకునేది ఒకటే. నదికి ఎంత దారి వదలాలన్న తగువు స్తంభం లేచాక కాకుండా గీత గీసేటప్పుడే తేల్చుకోవాలి. ఆపిన పని కూడా నదికి మేలు చేయదు. స్తంభం ఎలాగూ నదిలోనే ఉంటుంది.

చెట్ల గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అందరూ వాటి గురించే రాస్తారు. 2015 నాటి హరిత రహదారుల విధానం ప్రకారం ప్రాజెక్టు ఖర్చులో ఒక శాతం మొక్కలకు పక్కన పెట్టాలి. మధ్యలో గన్నేరు, కాగితంపూలు, పక్కన కానుగ, వేప. నాటినవి లెక్కపెట్టడం తేలిక, బతికినవి లెక్కపెట్టాలంటే మూడేళ్ళ తరువాత కూడా ఎవరో ఒకరు ఉండాలి. పెద్ద చెట్లను వేళ్ళతో సహా తీసి వేరే చోట నాటడం గురించి పత్రికల్లో గొప్పగా వస్తుంది. మర్రి, రావి బాగానే తిరిగి పట్టుకుంటాయి. పాత చింతలు మాత్రం అంత తేలికగా లొంగవు. రోడ్డు పక్కన చింతకాయల వేలంతో పంచాయతీకి వచ్చే డబ్బు కూడా వాటితోపాటే పోతుంది. ఆ నష్టానికి ఈఎంపీలో గడి లేదు.

కాంక్రీటు లారీలు కడిగిన నీళ్ళు ఇంకో తలనొప్పి. చూడటానికి మామూలు బూడిద రంగు నీళ్ళు. సిమెంటులోని సున్నం వల్ల వాటి క్షారగుణం చర్మం కాల్చేంత ఉంటుంది. డ్రైవర్లు కాలవ కనిపిస్తే చాలు, అక్కడ ఆపి డ్రమ్ము కడిగేస్తారు. ప్లాంటులో కడిగే గుంత కట్టించి, అక్కడ కడిగితేనే డీజిల్ చీటీ ఇచ్చేలా స్టోర్ ఆయనతో ఒప్పందం చేసుకున్నాక ఆ గొడవ దాదాపు తగ్గింది.

ఇప్పుడు దుమ్ము.

హొసకోటె నుంచి కోలారు, శిడ్లఘట్ట దాకా ఇది పట్టు సీమ. మట్టి లారీలు తిరిగే దారికి ఆనుకునే ఒక మల్బరీ తోట ఉంది. ఆ తోట అమ్మ ఒకరోజు సైట్ ఆఫీసుకు వచ్చి నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. ఒక ఆకు తుంచి తన చీర చెంగుకు రుద్దింది. తెల్ల చెంగు మీద ఎర్రటి చార. తరువాత పురుగుల షెడ్డులోకి తీసుకెళ్ళి నిలబెట్టింది.

"నాలుగో జ్వరం లేచిన పురుగమ్మా. ఇప్పుడు తినేటప్పుడు పెంకుల మీద వాన కురిసినట్టు చప్పుడు రావాలి. ఏమైనా వినిపిస్తోందా?"

వినిపించలేదు. పురుగు తిండి మానేసి పొర విడిచే దశను ఇక్కడ జ్వరం అంటారు, నాలుగోది దాటితే చివరి దశ. పురుగులు ఆకుల మీద తలలెత్తి ఊరికే ఉన్నాయి. జీవితం మొత్తంలో పట్టుపురుగు తినే ఆకులో ఎనభై శాతం పైగా ఆ చివరి దశలోనే తింటుంది. ఆ వారం తినకపోతే గూడు పలచబడుతుంది, మార్కెట్లో ధర పడిపోతుంది. ఆకు కడిగి వేయవచ్చు కదా అంటే, తడి ఆకు వేస్తే పురుగుకు రోగం వస్తుంది, ఆరబెడితే వాడిపోతుంది.

"మీ మిషను ఏమంటోంది?" అని అడిగింది. గాలిలో దుమ్మును కొలిచే మా మిషను 88 అంటోంది. 24 గంటల సగటుకు పరిమితి 100. అంటే అంతా సవ్యంగా ఉంది.

ఆ మిషను పనిచేసే తీరు చెబుతాను. గాలిని లోపలికి పీల్చి గుండ్రంగా తిప్పుతుంది. బరువైన రేణువులు గోడకు తగిలి కింద ఉన్న చిన్న కప్పులో రాలిపోతాయి. 10 మైక్రాన్ల కన్నా చిన్నవి మాత్రమే ఫిల్టరు కాగితం దాకా వెళతాయి. ఆ కాగితాన్ని ముందూ వెనకా తూచి, తేడాను పీఎం 10 అని రాస్తాం. పూర్వం కప్పులో పడినదాన్ని కూడా తూచి గాలిలోని మొత్తం ధూళిగా లెక్కకట్టేవారు. 2009 నవంబరులో వచ్చిన జాతీయ ప్రమాణాల్లో ఆ మొత్తం ధూళి లెక్కను తీసేసి పీఎం 10, పీఎం 2.5 ఉంచారు. మనిషి ఊపిరితిత్తులను దృష్టిలో పెట్టుకుంటే సరైన నిర్ణయమే, లోపలికి దిగి హాని చేసేవి సన్న రేణువులే. కానీ టిప్పర్ చక్రం కింద నుంచి లేచే మట్టిలో ఎక్కువ భాగం అంతకన్నా ముతకది. అది ఎక్కువ దూరం పోదు, పక్క తోటలో ఆకు మీద కూర్చుంటుంది. అంటే ఆ అమ్మ చెంగుకు అంటింది నా రిపోర్టులో ఉండే అవకాశమే లేదు. అది కప్పులో ఉంది. కప్పును ల్యాబు కుర్రాడు ప్రతిసారీ తిరగేసి కొట్టి, బ్రష్షుతో శుభ్రం చేసి పెడతాడు.

దీనికి పాతకాలపు పద్ధతి ఒకటి ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 5182లో మొదటి భాగమే రాలిన దుమ్మును కొలవడం గురించి. వెడల్పు మూతి జాడీలో నీళ్ళు పోసి, స్టాండు మీద నెల రోజులు ఉంచి, పడినదాన్ని వడకట్టి, ఆరబెట్టి తూచడమే. కరెంటు అక్కర్లేదు. ఒక జాడీని ఆ తోట గట్టున, ఇంకోదాన్ని లారీ దారికి దూరంగా ఊరి అవతల పెట్టించాను. నెల తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు తూచాల్సిన అవసరం కూడా కనిపించలేదు. ఒకదాని అడుగు కనిపిస్తోంది, ఇంకోదాని అడుగున ఎర్ర బురద.

మీటింగులో జాడీలు బల్ల మీద పెట్టాను. ప్రాజెక్టు మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న: "దీనికి లిమిట్ ఎంత?" ప్రమాణాల పట్టికలో దీనికి లిమిట్ లేదు. లేకపోతే ఉల్లంఘన లేదు, ఉల్లంఘన లేకపోతే ఖర్చు పెట్టక్కర్లేదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. మా ఒప్పందం గంపగుత్త ధరకు జరిగింది. ట్యాంకరు ఒక ట్రిప్పు ఎక్కువ తిరిగితే ఆ డబ్బు ఎవరూ విడిగా ఇవ్వరు. పైగా మిట్ట మధ్యాహ్నం చల్లిన నీళ్ళు అరగంటలో ఆవిరి. నీళ్ళు కూడా ఊరికే రావు. 2024 మార్చిలో బెంగళూరులో నీటి కరవు వచ్చినప్పుడు నిర్మాణ పనులకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. మేమున్నది నగరం బయటే అయినా ఆ వేసవిలో బోరు నీళ్ళు చల్లుతుంటే ఊరివాళ్ళు చూసే చూపు తట్టుకోలేక మేమూ శుద్ధి చేసిన మురుగు నీళ్ళకు మారాం. అదే నీళ్ళు కోరమంగళ-చల్లఘట్ట లోయ పథకంలో 2018 నుంచి కోలారు చెరువులకు పోతున్నాయి, రోడ్డు మీద చల్లడానికి ఏం పోయింది? కాస్త వాసన ఉంటుంది. డ్రైవర్లు సణుగుతారు.

చివరికి ఒప్పించింది నా జాడీలు కాదు. అంతకు ముందు నెల ఊరివాళ్ళు లారీలను ఒక పూట ఆపారు. ఒక పూట ఆగిన టిప్పర్ల అద్దె నెల రోజుల నీళ్ళ ఖర్చుకన్నా ఎక్కువని మా ప్లానింగ్ ఇంజనీరు లెక్కేసి చూపించాడు. అప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ ఊరికి చాకీ, అంటే చిన్న పురుగులు, అన్నీ వాటిని పెంచి ఇచ్చే ఒకే కేంద్రం నుంచి వస్తాయి కాబట్టి అందరి పురుగులూ దాదాపు ఒకే వారంలో చివరి దశకు చేరతాయి. ఆ వారం లారీలు తోటల పక్క దారి వదిలి, గట్టిపడిన కట్ట మీదుగా పోవాలి. తెల్లవారుజామున ఆకు కోసే వేళకు ముందు ట్యాంకరు ఒక చుట్టు తిరగాలి. మిగతా రోజుల్లో ఆ దారిలో వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటకూడదు. దుమ్ము తగ్గించడానికి నీళ్ళకన్నా చవకైన మందు వేగం తగ్గించడమే, డ్రైవర్లకు నచ్చనిదీ అదే. ట్రిప్పుకింతని బేటా, అంటే భత్యం, తీసుకునే మనిషిని మెల్లగా పొమ్మంటే ఎందుకు పోతాడు? అందుకని ఆ వారానికి బేటాను ట్రిప్పు లెక్క నుంచి రోజు లెక్కకు మార్పించాం. ఈ ఒక్క మార్పు కోసం పోరాడినంత నేను దేనికోసమూ పోరాడలేదు.

ఆ తరువాతి పంటకు షెడ్డులో చప్పుడు వినిపించిందట, ఆ తోట అమ్మ ఫోను చేసి మరీ చెప్పింది. ఇప్పుడు ఆ ఊరికి చాకీ వచ్చే తేదీలు మా ప్లానింగ్ గోడ క్యాలెండరు మీద తారు వేసే తేదీల పక్కనే ఉంటాయి.

ఇది తెలిసి అవతలి ఊరి గులాబీ రైతు వచ్చాడు. "పురుగుకు వారం ఇచ్చారు, మా పూలేం పాపం చేశాయి మేడమ్? దుమ్ము పట్టిన పువ్వును మార్కెట్లో పక్కన పడేస్తున్నారు" అన్నాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే గులాబీ రోజూ కోస్తారు. దానికి క్యాలెండరు పనికిరాదు, ఇంకో ట్యాంకరు కావాలి. దాని కోసం రాసిన ఉత్తరం ప్రాజెక్టు మేనేజరు దగ్గర ఉంది. ఈసారి జాడీలో పడినదాన్ని తూచి, ఆ అంకె కూడా జత చేశాను.